బొమ్మ మీద ఎన్ని నిమిషాలు? పిల్లల సీపీఆర్ శిక్షణపై మీ ప్రశ్నలు

పిల్లలకు ప్రథమ చికిత్స, సీపీఆర్ నేర్పించడం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటికి ఈసారి జవాబులు. సీపీఆర్ అంటే గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కుతూ, అవసరమైతే నోటితో ఊదుతూ రక్తం తిరిగేలా చూడటం. బొమ్మ అంటే దాన్ని సాధన చేసేందుకు వాడే మనిషి ఆకారపు బొమ్మ. రాసినవారి పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాం. జవాబులిచ్చినవారు అత్యవసర చికిత్స వైద్యులు, ప్రథమ చికిత్స శిక్షకులు.

మా పెద్దబ్బాయికి 13, పాపకు 8 ఏళ్లు. సెలవుల్లో ఇద్దరికీ సీపీఆర్ నేర్పిద్దామని ఒక సంస్థను అడిగితే తలకు మూడు వేల పైనే చెప్పారు. సర్టిఫికెట్ రెండేళ్లే చెల్లుతుందట. అంత పెట్టాలా? తక్కువలో గానీ ఉచితంగా గానీ ఎక్కడ నేర్పుతారు? – ఒక తల్లి, తణుకు

ముందు పాప సంగతి తేల్చేద్దాం. 8 ఏళ్ల పిల్లకు డబ్బు కట్టి సీపీఆర్ కోర్సు అక్కర్లేదు. ఆ వయసు పిల్లలు వరస చక్కగా గుర్తుపెట్టుకుంటారు, వేగమూ పట్టేస్తారు. లేనిదల్లా బరువు. పెద్దవాళ్ల ఛాతీ 5 సెంటీమీటర్లు కిందికి దిగాలంటే పైనుంచి ఒంటి బరువు పడాలి. 9, 10 ఏళ్ల పిల్లలతో చేయించి చూసినప్పుడు కూడా ఆ లోతు రాలేదు. పాపకు మీరే ఇంట్లో నాలుగు పనులు నేర్పండి. పడిపోయినవాళ్లను భుజాలు తట్టి గట్టిగా పిలవడం. పలక్కపోతే కేకేసి పెద్దవాళ్లను రప్పించడం. లాక్ వేసి ఉన్న ఫోన్లో కూడా ఎమర్జెన్సీ మీట నొక్కి 112కి కాల్ చేయడం. ఊపిరి ఆడుతూ స్పృహ లేనివాళ్లను పక్కకు తిప్పి పడుకోబెట్టడం. చివరిది చాపమీద నాన్నతో ఆటలా నేర్పొచ్చు. దూరంగా ఉన్న మోకాలు మడిచి, ఆ భుజం, ఆ మోకాలు పట్టుకుని తనవైపు లాగితే ఎంత పెద్దమనిషైనా దొర్లుతాడు.

ఫోన్లో మాట్లాడటం విడిగా సాధన చేయించండి. పిల్లలు "రామాలయం వెనక మా ఇల్లు" అంటారు. అవతలివాళ్లకు ముందు కావలసింది జిల్లా, మండలం, ఊరు. ఆ తర్వాతే రామాలయం. స్పీకర్ పెట్టి, వాళ్లు పెట్టేయమనేదాకా పెట్టేయకూడదని చెప్పండి. సాధన ఆటబొమ్మ ఫోన్ మీదే, నిజం నంబరుకు వద్దు.

అబ్బాయిది సరైన వయసే. 12 ఏళ్ల నుంచి ఏటా రెండు గంటలు బడిలోనే సీపీఆర్ నేర్పాలన్న పిలుపును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సమర్థించింది. ఏటా రెండు గంటలు అన్న మాట గట్టిగా పట్టుకోండి. ఒకసారి రెండు రోజుల కోర్సు చేయించి వదిలేసిన పిల్లాడికంటే ఏడాదికోసారి బొమ్మ మీద చేతులు పెట్టినవాడే నయం. ఎందుకంటే నేర్చుకున్న పట్టు మూడు నుంచి ఆరు నెలల్లోనే జారిపోవడం మొదలవుతుంది.

ఇక మీకు చెప్పిన ఫీజు. ఏ కోర్సుకో అడగండి. బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) అన్నారంటే అది నర్సులు, డాక్టర్లు, ఫిజియోథెరపిస్టుల కోసం పెట్టింది. మామూలు జనానికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారిదే హార్ట్‌సేవర్ అని వేరే ఉంది. రెండింటి కార్డులూ రెండేళ్లే చెల్లుతాయి. ఆ కార్డు ఉద్యోగంలో అడుగుతారు. ఎనిమిదో తరగతి పిల్లాణ్ని ఎవరూ అడగరు. మీరు కట్టే డబ్బులో చాలా భాగం ఆ కార్డుకే పోతుంది.

కార్డు లేకుండా, చేతికి పని నేర్పేచోట్లు ఇవి:

భారతీయ రెడ్‌క్రాస్ జిల్లా శాఖ. జిల్లా శాఖకు సాధారణంగా కలెక్టరే అధ్యక్షులు. బళ్లలో జూనియర్ రెడ్‌క్రాస్, కాలేజీల్లో యూత్ రెడ్‌క్రాస్ దీనివే. మీ అబ్బాయి బడిలో జూనియర్ రెడ్‌క్రాస్ యూనిట్ ఉందో లేదో అడగండి. కాగితం మీద ఉండి కదలకుండా ఉన్నవి చాలా. నలుగురు తల్లిదండ్రులు కలిసి ప్రధానోపాధ్యాయుణ్ని అడిగితే కదులుతాయి.

సెయింట్ జాన్ అంబులెన్స్. కండక్టర్ లైసెన్సుకూ ఫ్యాక్టరీల్లో ప్రథమ చికిత్స బాధ్యతకూ చాలామంది తెచ్చుకునేది వీళ్ల సర్టిఫికెట్టే. కాబట్టి తరగతి పెద్దవాళ్లకోసం నడుస్తుంది. పిల్లల్ని చేర్చుకుంటారా, తెలుగులో చెబుతారా అని ముందే కనుక్కోండి.

మత్తుమందు డాక్టర్లు, అంటే అనస్థీషియా వైద్యులు. జనం వీళ్లను మరిచిపోతారు గానీ మన దేశంలో ఉచిత సీపీఆర్ శిబిరాల వెనక ఎక్కువగా ఉన్నది వీళ్లే. వీరి సంఘం ఏర్పాటుచేసిన ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ 2017లో మామూలు జనం కోసం కంప్రెషన్ ఓన్లీ లైఫ్ సపోర్ట్ అనే చిన్న పద్ధతి తెచ్చింది. నోటితో ఊదడం ఉండదు, నొక్కడమే. అక్టోబర్ 16 ప్రపంచ అనస్థీషియా దినం, గుండెను తిరిగి కొట్టించే దినం (రీస్టార్ట్ ఎ హార్ట్ డే) కూడా అదే. ఆ వారంలో మెడికల్ కాలేజీల్లో, పెద్దాసుపత్రుల్లో శిబిరాలు పెడతారు. సెప్టెంబర్ చివర్లోనే ఫోన్ చేసి పేరు ఇచ్చుకోండి.

స్కౌట్స్ అండ్ గైడ్స్, ఎన్‌సీసీ ఉన్న బడి అయితే ప్రథమ చికిత్స వాళ్ల పాఠాల్లోనే ఉంటుంది. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు. ఆ రోజుల్లో ఫైర్ స్టేషన్‌కు పిల్లల్ని తీసుకెళ్తే సిలిండర్ మంట ఆర్పడం, కాలినప్పుడు ఏం చేయాలో చూపిస్తారు. సీపీఆర్ అక్కడ ఆశించకండి.

ఎక్కడికెళ్లినా, డబ్బు కట్టినా కట్టకపోయినా, ఒకటే ప్రశ్న అడగండి: మా పిల్లాడు బొమ్మ మీద ఎన్ని నిమిషాలు నొక్కుతాడు? రెండు గంటల తరగతిలో కనీసం పది నిమిషాలు రావాలి. ఒక బొమ్మకు ముగ్గురు, నలుగురు దాటితే రాదు. వందమందిని హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించి, చివర్లో ఇద్దర్ని వేదిక మీదకు పిలిచే కార్యక్రమాలు అవగాహనకు పనికొస్తాయి. శిక్షణ కాదు. పెద్దవాళ్ల బొమ్మతోపాటు పసిబిడ్డ బొమ్మ కూడా ఉందా అని అడగండి. ప్రైవేటు శిక్షకుణ్ని పిలవక తప్పకపోతే తలకింత అని కాకుండా పూటకింత అని మాట్లాడండి. అపార్ట్‌మెంట్లో పదిమంది పిల్లలు కలిస్తే కార్డులు లేని మూడు గంటల తరగతి ఒక్కొక్కరికి కొన్ని వందల్లో తెమిలే అవకాశం ఉంటుంది.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. 240 మంది పిల్లలు. నిధులు లేవు, బొమ్మలు లేవు. పిల్లలకు కనీసం చేతులు ఎలా పెట్టాలో అయినా నేర్పే మార్గం చెప్పండి. – ఒక ఉపాధ్యాయుడు, వనపర్తి

మార్గం ఉంది మాస్టారూ. 240 మందికి శిక్షకుణ్ని వెతక్కండి. ఆరుగురు ఉపాధ్యాయులకు వెతకండి. మీ ఊళ్లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ప్రిన్సిపాల్ పేరిట, అనస్థీషియా విభాగానికి అని ఉత్తరం రాయండి. అందులో "మా పాఠశాలకు వచ్చి సీపీఆర్‌పై అవగాహన కల్పించగలరు" అని రాస్తే ఒక ఉపన్యాసం వస్తుంది. "ఆరుగురు ఉపాధ్యాయులం ఒక మధ్యాహ్నం మీ దగ్గరికే వస్తాం, ఒక్కొక్కరూ బొమ్మ మీద పది నిమిషాలు చేసేలా చూడగలరు" అని రాస్తే శిక్షణ వస్తుంది. రెండు తేదీలు ఇవ్వండి. ప్రపంచ ప్రథమ చికిత్స దినం సెప్టెంబర్ రెండో శనివారం, మనకేమో ఆ రోజు సెలవు. ముందు రోజు పెట్టుకోండి.

మండలంలో 108 బండి నిలిపే చోటికి వెళ్లి ఈఎంటీని (బండిలో చికిత్స చేసే ఉద్యోగి), పైలట్‌ను (బండి నడిపేవారు) కూడా అడగొచ్చు. పిల్లలకు బండి లోపల చూపిస్తే ఫోన్ చేయాలన్న భయం పోతుంది. ఏ నిమిషానైనా కాల్ వచ్చి వెళ్లిపోతారు కాబట్టి కార్యక్రమం మొత్తం వాళ్ల మీదే పెట్టుకోకండి.

ఇక బొమ్మ. అసలు బొమ్మను 1960లో తయారుచేసిన అస్మండ్ లేర్డాల్ నార్వేలో ఆటబొమ్మలు చేసుకునే మనిషి. కాబట్టి మనం బడిసంచితో మొదలుపెట్టడంలో చిన్నతనం ఏమీ లేదు. ఒక బడిసంచి లేదా దిండు గలీబు తీసుకుని పాతబట్టలు గట్టిగా కూరండి. పైభాగాన, గుడ్డల మధ్య, ఖాళీ లీటరు నీళ్ల సీసా మూత బిగించి అడ్డంగా పెట్టండి. మూత బిగించి ఉండాలి, అప్పుడే లోపలి గాలి తిరిగి పైకి తోస్తుంది. మూత వదులైతే ఒక్క నొక్కుకే చప్పబడి అలాగే ఉండిపోతుంది. పల్చటి సీసాలు పది నిమిషాలకే నలిగిపోతాయి. కూల్‌డ్రింక్ సీసా మందంగా ఉండి ఎక్కువసేపు ఆగుతుంది. సంచి పక్కన స్కేలు నిలబెట్టి 5 సెంటీమీటర్ల దగ్గర గీత గీయండి.

నలభైమంది తరగతికి పది సంచులు, సంచికి నలుగురు. ఒకరు నొక్కుతారు, ఒకరు పైకి లెక్కపెడతారు, ఒకరు 108తో మాట్లాడుతున్నట్టు నటిస్తారు, ఒకరు మోచేతులు వంగుతున్నాయేమో చూస్తారు. రెండు నిమిషాలకు ఈలవేసి మార్చండి. ఎనిమిది నిమిషాల్లో ఒక చుట్టు పూర్తి. ఐదు నిమిషాలు చూపించి, మూడు చుట్లు తిప్పితే 29 నిమిషాలు. ఒక పీరియడ్‌లో ప్రతి పిల్లాడికీ ఆరు నిమిషాలు నొక్కడం వస్తుంది. డబ్బుకట్టిన చాలా తరగతుల్లో ఇంత రాదు.

వాళ్లకు చెప్పాల్సిన వరస: చుట్టూ ప్రమాదం లేదని చూడటం, తట్టి పిలవడం, కేకేసి ఫోన్ చేయించడం, పది సెకన్లలోపు ఊపిరి చూడటం. నాడి చూడమని పిల్లలకు చెప్పొద్దు. అలవాటున్నవాళ్లే పొరబడతారు. పలకడం లేదు, ఊపిరి లేదు లేదా ఎగశ్వాస మాత్రమే ఉంది అంటే మొదలుపెట్టడమే. ఈ ఎగశ్వాస దగ్గరే పెద్దవాళ్లు కూడా మోసపోతారు. అప్పుడొకసారి అప్పుడొకసారి గురకలా లాగుతుంటే "ఊపిరి ఉందిలే" అని ఆగిపోతారు. అది ఊపిరి లెక్కలోకి రాదు.

నొక్కేటప్పుడు ఛాతీ నడిమధ్య, రొమ్ము ఎముక కింది సగం మీద మణికట్టుకు ఆనుకున్న అరచేతి గట్టి భాగం పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి వేళ్లు పెనవేయాలి. మోచేతులు నిటారుగా, భుజాలు సరిగ్గా చేతుల పైన. నిమిషానికి 100 నుంచి 120. ఫోన్లో మెట్రోనోమ్ (ఒకే వేగంతో టిక్ టిక్ అనే యాప్) ఉంటే 110 పెట్టండి. లేకపోతే గడియారం చూడండి, 30 నొక్కులు 15 నుంచి 18 సెకన్లలో అయిపోవాలి. మగపిల్లలు పోటీ పడి 12 సెకన్లలో ముగించి గొప్పగా చూస్తారు. అంత వేగంలో లోతు రాదు, ఛాతీ తిరిగి లేవదు. లేవకపోతే గుండెలోకి రక్తం నిండదు, నిండని గుండెను ఎంత నొక్కినా బయటికి వచ్చేది ఉండదు. ఈ కారణం ఒక్కసారి చెప్పి చూడండి, వాళ్లంతట వాళ్లే నెమ్మదిస్తారు.

పిల్లలు ఒకరి మీద ఒకరు నొక్కి సాధన చేయకుండా ముందే గట్టిగా చెప్పండి. కొట్టుకుంటున్న గుండె మీద ఆట వద్దు.

మాకు పదేళ్ల బాబు, పది నెలల పాప. పాపకు పొలమారినప్పుడల్లా మా అత్తగారు మాడు మీద తడతారు. ఏదైనా అడ్డం పడితే బాబుకు కూడా తెలిసేలా ఏం నేర్పాలి? – ఒక పాఠకురాలు, నంద్యాల

మీ అత్తగారితో తగువు పెట్టుకోకండి. పొలమారి పాప దగ్గుతోందంటే గాలి ఆడుతోందనే. ఎవరో తలుచుకుంటున్నారని మాడు తట్టినా నష్టం లేదు, లాభమూ లేదు. దగ్గనివ్వడమే మందు. అప్పుడు వీపు మీద బాదడం, నీళ్లు పట్టడం, నోట్లో వేలు పెట్టడం చేయకూడదు. వేలితో తీయబోతే పైనున్నది లోపలికి దిగుతుంది.

దగ్గు రాకపోవడం, ఏడుపు రాకపోవడం, ముఖం కమిలిపోవడం – ఇది వేరు. అక్కడ వెంటనే పని మొదలుపెట్టాలి. మీరు కూర్చుని, ఏడాదిలోపు బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకోండి. ముంజెయ్యి తొడకు ఆనించండి, తల ఛాతీకంటే కిందికి ఉండాలి, వేళ్లతో దవడ పట్టుకోవాలి, గొంతు కాదు. వీపు మీద రెక్కల మధ్య అరచేతి గట్టి భాగంతో ఐదు దెబ్బలు. తర్వాత వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యలో చనుమొనల గీతకు కాస్త కింద ఐదు నొక్కులు. బయటపడేదాకా లేదా బిడ్డ స్పృహ తప్పేదాకా మార్చి మార్చి చేయాలి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్, ఊదే ముందు ప్రతిసారీ నోట్లోకి చూసి, కనిపించేదైతేనే తీయడం.

ఇక్కడ ఒక మార్పు గమనించండి. పసిబిడ్డ ఛాతీని రెండు వేళ్లతో నొక్కమని ఏళ్లుగా నేర్పారు. అలా కావలసిన 4 సెంటీమీటర్ల లోతు రావడం లేదని 2025 అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో తీసేశారు. ఇప్పుడు ఒక అరచేతి గట్టి భాగంతో, లేదా రెండు చేతులతో బిడ్డను చుట్టి పట్టుకుని బొటనవేళ్లతో నొక్కమంటున్నారు. మీరు వెళ్లిన తరగతిలో ఇంకా రెండు వేళ్లే చూపిస్తుంటే శిక్షకుణ్ని మర్యాదగా అడగండి. ఆ జవాబును బట్టి వాళ్లు పుస్తకం ఎప్పుడు తిరగేశారో తెలిసిపోతుంది.

ఏడాది దాటిన పిల్లలకు, పెద్దలకు ముందుకు వంచి వీపు మీద ఐదు దెబ్బలు, ఆపైన వెనకనుంచి చుట్టి బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదు గుంజులు. ఏడాదిలోపు బిడ్డ పొట్ట మీద మాత్రం ఎప్పుడూ గుంజకూడదు, కాలేయం దెబ్బతింటుంది.

పదేళ్ల బాబు పాపను ముంజేతి మీద నిలబెట్టుకోలేడు. వాడికి నేల మీద కాళ్లు చాపి కూర్చుని, పాపను తొడల మీద బోర్లా, తల కిందికి ఉండేలా వాల్చి వీపు మీద తట్టడం నేర్పండి. సాధనకు పాత గుడ్డబొమ్మ చాలు. అంతకంటే ముఖ్యమైన పని కూడా వాడికి అప్పగించండి. పాప పాకే మేర నేల మీద వేరుశనగ గింజలు, శనగలు, సీతాఫలం గింజలు, నాణేలు, రిమోట్ లోంచి జారిన గుండ్రటి బ్యాటరీలు ఏరడం. గుండ్రటి బ్యాటరీ మింగిందని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా తక్షణం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది అన్నవాహికను గంటల్లోనే కాల్చేస్తుంది.

మా ఇల్లు కాలవ గట్టు మీద. పిల్లలంతా ఈతకు పోతారు. ఉచిత శిబిరంలో మా వాడికి "నొక్కడం చాలు, ఊదక్కర్లేదు" అని నేర్పారు. నీళ్లలో మునిగినవాళ్లకు కూడా అంతేనా? – ఒక తండ్రి, అమలాపురం

అంతే కాదు. మీరు అడిగిన ఈ ఒక్క ప్రశ్నకోసమే కాలవ గట్టు ఊళ్ల వాళ్లు ఉచిత శిబిరంతో ఆగకూడదు.

యాభై ఏళ్ల మనిషి టీ కొట్టు దగ్గర గుండె ఆగి కూలిపోయాడనుకోండి. ఆ క్షణందాకా ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు, రక్తంలో ప్రాణవాయువు ఇంకా ఉంది. ఆ రక్తాన్ని తిప్పితే మొదటి కొన్ని నిమిషాలు గడుస్తాయి, అందుకే అక్కడ నొక్కడం చాలు. నీళ్లలో మునిగిన పిల్లాడికి ముందు ఊపిరి ఆగింది. ఉన్న ప్రాణవాయువంతా అయిపోయాకే గుండె ఆగింది. ఆ రక్తాన్ని ఎంత తిప్పినా అందులో ఏమీ లేదు. కాబట్టి ఇక్కడ ఊదడంతోనే మొదలు. తల కాస్త వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచేంత ఊదాలి, ఒక్కొక్కటి ఒక్క సెకను. రెండుసార్లు ఊది, 30 నొక్కి, మళ్లీ రెండు. కొందరు శిక్షకులు మొదట ఐదు ఊదమంటారు, అదీ తప్పు కాదు. బుగ్గలు ఉబ్బేలా బలంగా ఊదితే గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది.

పిల్లాణ్ని తలకిందులుగా భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం, పొట్ట మీద నొక్కి నీళ్లు కక్కించడం మన గట్ల మీద ఇంకా చూస్తూనే ఉన్నాం. బయటికొచ్చేవి పొట్టలోని నీళ్లు. వస్తూ వస్తూ అన్నంతోసహా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. తిప్పినంతసేపూ ఊపిరి లేదు. వాడు లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలుకావచ్చు.

శిబిరం పెట్టేవాళ్లను "మాది కాలవ ఊరు, ఊదడం కూడా నేర్పండి, మాస్కు తెండి" అని ముందే అడగండి. నోటికీ నోటికీ మధ్య వేసే పల్చటి షీటు మందుల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ తక్కువ ధరకే దొరుకుతుంది.

సీపీఆర్ కంటే ముందు పిల్లలకు నేర్పాల్సింది దూకకుండా ఉండటం. మునిగేవాడు పట్టుకుంటే ఈతగాడూ మునుగుతాడు. గట్టు మీద నిలబడి, లేదా బోర్లా పడుకుని గెడ అందించాలి. చీర, తువ్వాలు విసరాలి. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బా, 20 లీటర్ల మంచినీళ్ల క్యాను తాడుకు కట్టి విసిరితే మనిషి పట్టుకుని తేలగలడు. రేవు దగ్గర చెట్టుకు అలాంటి క్యాను ఒకటి, పదిహేను మీటర్ల తాడుతో ఎప్పుడూ కట్టి ఉంచండి.

నేను తొమ్మిదో తరగతి. 38 కిలోలు ఉంటాను. రోడ్డు మీద ఎవరికైనా సీపీఆర్ చేస్తే పక్కటెముకలు విరుగుతాయట, పోలీసు కేసు అవుతుందట. నిజమేనా? – ఒక విద్యార్థి, సిద్దిపేట

పక్కటెముకలు విరగొచ్చు, నిజమే. ముఖ్యంగా ముసలివాళ్లకు. సరిగ్గా నొక్కినా విరుగుతాయి. టప్‌మని వినిపిస్తే ఆపకు, చేతులు ఛాతీ మధ్యలోనే ఉన్నాయేమో చూసుకుని కొనసాగించు. ఎముక అతుక్కుంటుంది. ఆగిన గుండెకు మాత్రం ఎవరూ నొక్కకపోతే నిమిషాల్లోనే అంతా అయిపోతుంది.

కేసు భయం పాతది. ప్రమాద బాధితులకు సాయపడేవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న బలమిచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. రోడ్డు ప్రమాదంలో మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు, ఫోన్ నంబరు ఇవ్వమని బలవంతం చేయకూడదు.

38 కిలోలతో పెద్దమనిషి ఛాతీ 5 సెంటీమీటర్లు దింపడం కష్టమే, చేతుల బలంతో అయితే అసాధ్యం. మోకాళ్లు అతని పక్కటెముకలకు ఆనేంత దగ్గరగా జరుగు. భుజాలు చేతుల మీదికి తెచ్చి నడుము దగ్గరనుంచి ఊగు. మోచెయ్యి వంగిందంటే అర నిమిషంలో అలిసిపోతావు. నులక మంచం మీదో పరుపు మీదో ఉంటే నేల మీదికి దించమను, లేకపోతే నువ్వు నొక్కేది పరుపునే. రెండు నిమిషాలకు పక్కనున్న పెద్దాయనకు అప్పగించి నువ్వు లెక్కపెట్టు, ఎలా నొక్కాలో చెప్పు. చూస్తున్న గుంపులో పద్ధతి తెలిసినవాడివి నువ్వొక్కడివే అయ్యుండొచ్చు. అప్పుడు నీ నోరే నీ చేతులకంటే ఎక్కువ పని చేస్తుంది.

కరెంటు తగిలి పడ్డవాళ్లను మాత్రం మెయిన్ ఆపేదాకా ముట్టుకోకు. బయట తెగిన లైన్ అయితే దగ్గరికే వెళ్లకు.

మా అబ్బాయి ఇక్కడ ఏడో తరగతి. వేసవిలో రెండు నెలలు గుంటూరులో తాతగారింట్లో ఉంటాడు. ఇక్కడ నేర్పించాలా, అక్కడా? – ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

అమెరికాలోనే. టెక్సస్ బళ్లలో 7 నుంచి 12 తరగతుల మధ్య ఒక్కసారైనా సీపీఆర్ నేర్పాలని రాష్ట్ర చట్టం ఉంది. మీ బడిలో ఏ తరగతిలో, ఏ నెలలో చెబుతారో అడగండి. ఆలోగా కావాలంటే ఊరి అగ్నిమాపక విభాగాన్ని, పబ్లిక్ లైబ్రరీని కనుక్కోండి. చాలా ఊళ్లలో ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో పెడతారు. అక్కడి తరగతుల్లో ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే) యంత్రం మీద ఎక్కువసేపు గడుపుతారు. అది నేర్చుకోనివ్వండి. మన దేశంలో మాత్రం విమానాశ్రయాలు, కొన్ని పెద్ద భవనాలు దాటితే ఆ యంత్రం దొరకడం అరుదు. "ఏఈడీ తెండి" అని కేకేసి ఎదురుచూడకుండా నొక్కడం మొదలుపెట్టాలని వాడికి చెప్పండి.

బయల్దేరే ముందు 911 అలవాటు మాన్పించి 108, 112 నోటికి పట్టించండి. తాతగారింటి డోర్ నంబరు, వీధి, దగ్గరి గుడి లేదా బడి పేరు, పక్కింటివాళ్ల ఫోన్ నంబరు, తాతగారు వేసుకునే మందుల పేర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించమనండి. వాడికి తెలుగు చదవడం రాకపోతే అదే కాగితం మీద ఇంగ్లిష్‌లో కూడా.